హోప్ టౌన్ నుండి వార్త

అండమానుల ముఖ్యపట్టణమునకు ఉత్తరముగా, రేవునీటికి ఆవలి యొడ్డున, హోప్ టౌన్ అను చిన్న గ్రామము కలదు. దాని వెనుకనున్న కొండను నూరేండ్లకు పైగా మౌంట్ హ్యారియట్ అని పిలిచిరి. 1891 నాటి ఆంగ్ల-మణిపుర యుద్ధము తరువాత మణిపుర రాజవంశీయులను అచట నిర్బంధించిన జ్ఞాపకార్థమై 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టిరి. పోర్ట్ బ్లెయిర్ పట్టణము 2024లో శ్రీ విజయపురమైనది. అయినను పాత సంగతులు చెప్పునపుడు పాత పేర్లే సుకరములు గనుక ఈ వ్యాసమున వానినే వాడుట జరిగినది. ఎఱ్ఱని పాత ఇరువది రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల నడుమ కనబడు సముద్రదృశ్యము ఈ కొండదారి నుండి కనబడు నార్త్ బే దీపస్తంభపు తీరమే. దేశమంతట చేతులు మారిన ఆ బొమ్మ ఏ చోటిదో ఎరిగినవారు తక్కువ.

1872 ఫిబ్రవరి 8వ తేదీన భారతదేశపు రాజప్రతినిధి లార్డ్ మేయో గ్లాస్గో అను యుద్ధనౌకపై పోర్ట్ బ్లెయిర్ చేరెను. ఆనాడు ఈ దీవులు 1858లో ఏర్పడిన ఖైదీల నివాసస్థానము. పగలెల్ల కారాగారములను పరిశీలించి, సాయంకాలము సూర్యాస్తమయము చూడగోరి ఆయన హోప్ టౌన్ వద్ద దిగి కొండ ఎక్కెను. రోగులకు ఆరోగ్యశాల నిర్మించుటకు ఆ కొండ తగునా అను ఆలోచనయు ఆయన మనసున కలదు. దిగివచ్చునప్పటికి చీకటి పడెను. దివిటీల వెలుగులో, నీటిలోనికి చొచ్చుకొనిన జెట్టీ మీద నడచుచు పడవ ఎక్కబోవు సమయమున షేర్ అలీ అను ఖైదీ వెనుకనుండి దుమికి కత్తితో పొడిచెను. షేర్ అలీ వాయవ్య సరిహద్దున తీరా ప్రాంతమునకు చెందిన ఆఫ్రీదీ. పెషావరు అధికారుల కొలువులో పనిచేసి, హత్యానేరమున మరణశిక్ష పడి, ఆ శిక్ష ద్వీపాంతరవాసముగా మారగా ఇచటికి వచ్చినవాడు. గ్లాస్గో నౌకలో భార్య ఎదురుచూచుచుండగా పడవలో చేరినది మేయో శవము. ఆ మార్చి 11వ తేదీన వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీసిరి.

హత్యావృత్తాంతము చరిత్రగ్రంథములలో విరివిగా దొరకును. తరువాతి దినములలో ఆ వార్త ఎట్లు ప్రయాణించినదను విషయమును మాత్రము ఎవరును అంతగా పట్టించుకొనరు. భారతదేశమును పాలించు ప్రభువు చనిపోయినాడు. అప్పటికి ఈ దీవులకు తంతి లేదు. వార్త కలకత్తా చేరవలెనన్నచో ఓడ బొగ్గు మండించుకొని బంగాళాఖాతము దాటి హుగ్లీనది ముఖమునకు పోవలసినదే. ఆ మధ్యకాలమున కలకత్తాలోని ప్రభుత్వము తన అధిపతి జీవించియున్నాడనియే భావించి కాగితములు నడపుచుండెను. వార్త చేరిన పిమ్మట సర్ జాన్ స్ట్రాచీ కొలది దినములు తాత్కాలికాధికారము వహించెను. ఫిబ్రవరి 24 నుండి మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ ఆ స్థానమున నిలిచెను. చెన్నపట్టణమున కూవము నదిపై నేటికిని నేపియర్ వంతెన అని పిలువబడునది ఈయన పేరిటిదే. ఆనాటి సర్కారు జిల్లాలు, దత్తమండలము మద్రాసు గవర్నరు పాలనలోనివే గనుక హోప్ టౌన్ జెట్టీ మీద జరిగినది తెలుగు జిల్లాల అధికారవర్గమునకును తాకినది.

ఇందు విచిత్రమేమనగా, కలకత్తా నుండి లండనుకు వార్త పోవుటకు ఆనాడు గంటలు చాలును. 1870లో బొంబాయి, ఏడెన్, సూయజ్ మీదుగా సముద్రగర్భపు తంతి పూర్తియై ఇంగ్లండును కలిపినది. అనగా ఏడువేల మైళ్ళను గంటలలో దాటిన వార్త, మొదటి ఎనిమిదివందల మైళ్ళను దాటుటకు దినములు తీసికొనెను. అంతకంటె విచిత్రము మరియొకటి కలదు. 1871లోనే మద్రాసు నుండి పెనాంగునకు, అచటినుండి సింగపూరునకు సముద్రపు తంతి వేసిరి. రాగితీగకు గట్టాపర్చా అను చెట్టుపాల తొడుగు వేసి, ఇనుపతీగలు చుట్టిన త్రాడు అది. పటము ముందు పెట్టుకొని మద్రాసు నుండి పెనాంగునకు గీత గీచినచో అది అండమాను నికోబారు ద్వీపమాలిక యున్న రేఖాంశమును దాటక తప్పదు. తంతి ఈ దీవుల వరుసను దాటి పోయినది గాని ఇచట దిగలేదు. వర్తకము సింగపూరులో నున్నది; ఇచట నున్నవారు ఖైదీలు. ఖైదీలకు వార్తలతో పనిలేదని ప్రభుత్వము తలచినదేమో. కాని సంవత్సరము తిరిగి కొన్ని నెలలు గడువకముందే ఆ ప్రభుత్వమునకే వార్త కావలసివచ్చెను.

ద్వీపాంతరవాస శిక్షలో సగము శిక్ష ఈ నిశ్శబ్దమే. 1879లో ఆరంభమైన రంప పితూరీలో పట్టుబడినవారిలో కొందరిని ఈ దీవులకు పంపిరి. గోదావరి మన్యమున వారి కుటుంబములకు, వారు బ్రతికియున్నారో లేదో తెలియుటకు మార్గమేది? తరువాత 1930లలో కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచార్యులు సెల్యులర్ జైలును చూచెను. కాలక్రమమున ఉత్తరాంధ్ర తీరమునుండి బెస్తలు, కూలీలు, ఉద్యోగులు, వర్తకులు తమంత తామే వచ్చి స్థిరపడిరి. 2011 జనాభాలెక్కలలో ఈ దీవులవారిలో నూటికి పదుముగ్గురు తమ మాతృభాష తెలుగని చెప్పిరి. విశాఖపట్టణపు ఓడ వీరికి ఊరికి పోవు బాట. ఊరివార్త తెచ్చునదియు చాలకాలము ఆ ఓడయే.

వార్తకు ఓడ అక్కర లేకుండ పోయినది మొదట 1905 ప్రాంతమున. బర్మా తీరమున నున్న డైమండు దీవికిని పోర్ట్ బ్లెయిరుకును నడుమ నిస్తంతి వార్తలు నడచెను. మార్కోనీ విద్య కొత్తగా ఉన్న కాలమున అది మన దేశమునకు గొప్ప సంగతియే. కాని నిస్తంతి సర్కారు అవసరమునకు గాని సామాన్యుని ఉత్తరమునకు కాదు. 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు దీవులు జపాను వశమున నున్న మూడున్నరేండ్లు, ఆవలి తీరమున బంధువులుగలవారికి మరల 1872యే. ఆ తరువాత రేడియో, టెలిఫోను, పిమ్మట ఉపగ్రహములు వచ్చెను.

ఉపగ్రహము మేలు చేసినమాట నిజము. అయితే అందు రెండు చిక్కులు కలవు. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహమునకు మాట ఎక్కి దిగుటకు సెకనులో నాల్గవవంతు పట్టును. బదులు వచ్చుటకు మరియొక నాల్గవవంతు. పోర్ట్ బ్లెయిరు నుండి విశాఖకు ఫోనుచేసినవారు ఒకరి మాటపై ఒకరు మాటాడి ఆగి, మరల ఇరువురును ఒక్కసారిగా మొదలుపెట్టిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. రెండవ చిక్కు, ఆ దారి ఇరుకు, ఖరీదు. దీవులన్నిటిలోని కార్యాలయములు, బ్యాంకులు, ఆసుపత్రులు, విద్యార్థులు ఆ ఇరుకుదారినే పంచుకొనవలసివచ్చెను.

ఈ స్థితిని మార్చినది వెండ్రుకంత గాజుపోగు.

గాజులో వెలుగు వంకరగా ఎట్లు పోవును? చెరువులో మునిగి కన్నులు తెరచి పైకి చూచినవానికి దీని రహస్యము సగము తెలియును. తలపైన ఒక గుండ్రని కిటికీలో ఆకాశమంతయు కుదించుకొని కనబడును. ఆ వలయమునకు వెలుపల నీటి ఉపరితలము అద్దమువలె మారి చెరువు అడుగునే చూపును. నీటినుండి గాలిలోనికి పోవు కిరణము నిలువుగా వచ్చినచో దాటిపోవును. ఏటవాలు పెరిగినకొలది ఎక్కువగా వంగును. నిలువుగీతతో సుమారు 49 డిగ్రీల కోణము దాటిన పిమ్మట బయటికి పోనేలేక యావత్తు లోపలికే తిరిగివచ్చును. ఈ హద్దుకోణమును సందిగ్ధకోణమనియు, ఈ తిరుగుటను సంపూర్ణాంతర పరావర్తనమనియు మన పాఠ్యపుస్తకములు చెప్పును. ఇంటిలోని అద్దము ఎంత మంచిదైనను ప్రతిసారి కొంత వెలుగును మింగును. ఈ పరావర్తనమున ఆ నష్టము లేదు. అదియే దీని విలువ.

1841లో జెనీవాలో డానియల్ కొలాడాన్ అను శాస్త్రజ్ఞుడు తొట్టినుండి విల్లువలె వంగి పడు నీటిధారలోనికి వెలుగును పంపి, అది ధారతోపాటు వంగి దిగుటను ప్రేక్షకులకు చూపెను. 1854లో లండనులో జాన్ టిండాల్ అదే విద్యను ప్రదర్శించెను. 1880లో టెలిఫోను సృష్టించిన గ్రాహంబెల్ సూర్యకిరణముపై మాటను పంపు ఫోటోఫోను అను యంత్రమును చేసెను. మబ్బు పట్టినచో అది మూగవోవును. నార్త్ బే దీపస్తంభమునకును ఈ ఇబ్బంది కలదు. ఆరుబయట వెలుగునకు వాన, పొగమంచు శత్రువులు. వెలుగును కాపాడు గొట్టమొకటి కావలెను.

ఆ గొట్టమును గాజుతో చేయవచ్చునని నిరూపించినవారిలో మన దేశస్థుడు నరీందర్ సింగ్ కపానీ ముఖ్యుడు. 1926లో పంజాబులోని మోగాలో జన్మించి, కొంతకాలము కేంద్రప్రభుత్వ ఆయుధకర్మాగారముల సర్వీసున పనిచేసి, లండనులోని ఇంపీరియల్ కళాశాలకు పోయెను. సర్కారు కొలువునుండి ఇట్టివారును పుట్టిరని ఈ సంచిక చదువరులు గర్వించుటలో తప్పులేదు. ఆచార్య హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలసి, సన్నని గాజుపోగుల కట్టద్వారా బొమ్మను వంకరదారిని పంపి, 1954 జనవరిలో నేచర్ పత్రికలో ప్రకటించెను. ఫైబర్ ఆప్టిక్స్ అను పేరును ప్రచారము చేసినదియు ఈయనయే. మొదటి ఫలము వైద్యులకు దక్కెను. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ ఇట్టి పోగుల కట్టతో కడుపులోనికి చూచు సాధనమును ప్రయోగించెను. నేడు ఎండోస్కోపీ అనిన ఎరుగనివారు లేరు.

కాని కడుపులోనికి చూచుటకు ఒక మీటరు గాజు చాలును. సముద్రము దాటుటకు? ఆనాటి మేలిరకపు గాజులో సైతము ఇరువది మీటర్లు పోవునప్పటికి వెలుగులో నూరవవంతు మాత్రమే మిగులును. ఇంజనీరులు చాలమంది ఆశ వదలుకొనిరి. ఇంగ్లండులోని హార్లో పట్టణపు ప్రయోగశాలలో పనిచేయు ఛార్లెస్ కావో, తన సహచరుడు జార్జ్ హాక్‌హామ్‌తో కలసి, 1966లో వేరొక మాట చెప్పెను: దోషము గాజుది కాదు, గాజులోని మలినములది. ఇనుము మొదలగు లోహకణములను తీసివేసినచో కిలోమీటరు దూరమున నూరవవంతు వెలుగైనను మిగులును. అంత మిగిలిన వార్తలు పంపవచ్చును. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థకు చెందిన మౌరర్, కెక్, షుల్జ్ అను మువ్వురు ఆ హద్దును దాటిన పోగును తీసిరి. నేటి పోగులో నూరవవంతునకు తగ్గుటకు వెలుగు నూరు కిలోమీటర్లు పోవలెను. సముద్రపునీరు అంత స్వచ్ఛముగా ఉన్నచో బంగాళాఖాతపు అడుగు ఓడమీదనుండి కనబడెడిది. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చెను. కపానీకి రాలేదు; 2020 డిసెంబరులో ఆయన చనిపోయిన పిదప 2021లో మన ప్రభుత్వము పద్మవిభూషణము ప్రకటించెను. బహుమానము పంచుటలో న్యాయము జరిగినదా అను వాదము నేటికిని తెగలేదు. పోగును ఊహించినవాడు, దానిని దూరమునకు పనికివచ్చునట్లు చేసినవాడు వేరువేరని మాత్రము ఒప్పుకొనవలెను.

పోగు నిర్మాణము చెప్పుటకు తేలిక, చేయుటకు కష్టము. నడుమ మిల్లీమీటరులో నూరవవంతుకంటె సన్నని గర్భము. దానిచుట్టు మరియొక గాజు తొడుగు. రెండును కలిసి మిల్లీమీటరులో ఎనిమిదవవంతు లావు. గర్భమున జెర్మేనియము కొద్దిగా కలిపినందున దాని వక్రీభవన గుణకము తొడుగుకంటె ఎక్కువ. ఆ భేదము నూటికి ఒకపాలుకంటెను తక్కువ. అంత చిన్న భేదమే వెలుగును లోపల నిలుపును. బొమ్మలలో కిరణము గోడలకు కొట్టుకొనుచు వంకరటింకరగా పోవునట్లు చూపుదురు. లావుపాటి పోగులకు అది సరియే. సముద్రపు పోగులో గర్భము వెలుగుతరంగమునకు కొన్నిరెట్లు మాత్రమే వెడల్పు గనుక అందు తరంగమంతయు ఒక్క ముద్దగా నడచునని అనుకొనుట నిజమునకు దగ్గర. మరియు ఆ వెలుగు కంటికి కనబడునది కాదు. గాజు మిక్కిలి తక్కువగా మింగునది పరారుణ కాంతిని, అదియే వాడుదురు. లేసరు దీపము సెకనుకు కోట్లకొలది సార్లు మినుకుమినుకుమనుచు ఒకటి, సున్న అను రెండక్షరములతో సమస్తమును వ్రాయును. ఒకే పోగులో పలు తరంగదైర్ఘ్యముల కిరణములను ఒకదానినొకటి చెరుపకుండ పంపవచ్చును.

సముద్రమున వేయు కేబులులో ఇట్టి పోగులు కొన్ని జతలు మాత్రమే ఉండును. వానిచుట్టు ఉక్కుతీగలు, రాగిగొట్టము, పాలిథీను తొడుగు. లోతైనచోట అంతయు కలిసి తోటకు నీరుపెట్టు గొట్టమంత లావు. ఒడ్డు దగ్గర లంగరులకు, వలలకు భయపడి ఇనుపకవచము వేసి ఇసుకలో పాతుదురు. సుమారు అరువది నుండి నూరు కిలోమీటర్లకొకటిగా రిపీటర్లను అమర్చుదురు. 1987లో కనుగొన్న ఉపాయమున, ఎర్బియము కలిపిన చిన్న గాజుపోగులోనికి వేరొక లేసరు వెలుగు పంపినచో, అలసివచ్చిన వార్తావెలుగు విద్యుత్తుగా మారనక్కరలేకయే బలపడును. ఈ రిపీటర్లకు కావలసిన విద్యుచ్ఛక్తి రాగిగొట్టము ద్వారా ఒడ్డునుండియే పోవును. 1871 నాటి మద్రాసు తంతిలో రాగి వార్తను మోసినది. ఇప్పుడు రాగి గాజునకు కూలి.

చెన్నై నుండి అండమాను నికోబారులకు ఇట్టి కేబులు వేయుటకు 2018 డిసెంబరు 30వ తేదీన పోర్ట్ బ్లెయిరులో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసెను. 2020 ఆగస్టు 10న ప్రారంభించెను. కోవిడు కాలమగుటచే ఆ ఉత్సవము వీడియోద్వారా జరిగినది. మొత్తము పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయము సుమారు 1,224 కోట్ల రూపాయలు. పని భారత సంచార నిగమము చేయించినది. పోర్ట్ బ్లెయిరు నుండి స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలండు, రంగత్, హట్ బే, కార్ నికోబారు, కమోర్టా, కాంప్‌బెల్ బే అను ఏడు చోట్లకు శాఖలు పోవును. చెన్నై, పోర్ట్ బ్లెయిరుల నడుమ సెకనుకు 200 గిగాబిట్ల మార్గములు రెండు. గాజులో వెలుగు సెకనుకు రెండులక్షల కిలోమీటర్లు పోవును గనుక చెన్నై చేరుటకు సెకనులో నూరవవంతైనను పట్టదు. ఫోనులో ఒకరి మాట నొకరు తొక్కుకొను ఇబ్బంది ఆ మేరకు తీరినది. మద్రాసు తంతి దిగక దాటిపోయిన నూటనలుబదితొమ్మిదేండ్లకు మద్రాసు తీరమునుండియే మరియొక తీగ వచ్చి ఈ దీవులలో దిగినది.

ఆంధ్రదేశమున ఈ పోగు సముద్రము క్రింద గాక చెట్లకొమ్మల సరసన నడచినది. ఫైబర్‌నెట్ పేరిట అచటి ప్రభుత్వము విద్యుత్ స్తంభముల మీదుగా వేలకొలది కిలోమీటర్ల కేబులును పల్లెలకు లాగినది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ దానిని ప్రారంభించెను. త్రవ్వు ఖర్చు తప్పినది. గాలివాన భయము మిగిలినది.

వేగమున సినిమాలు చూచుటయే ఈ తీగ ప్రయోజనమని అనుకొనువారికి 2004 డిసెంబరు 26ను జ్ఞాపకము చేయవలెను. ఆ ఉదయము సుమాత్రా తీరమున భూమి కంపించెను. అల కొద్ది నిమిషములలో నికోబారు దీవులను ముంచెను. అదే అల చెన్నపట్టణమును, ఆంధ్రతీరమును ముట్టుటకు నడుమ గంటకు పైగా వ్యవధి ఉండెను. ఒడ్డున నున్న జనులకు ఆ వ్యవధి ఉపయోగపడలేదు. దీవులలో ఏమి జరిగినదో వారికి తెలియలేదు. వార్తకంటె నీరు ముందు వచ్చినది. 1872లో వార్త ఆలస్యమగుట చేత చెడినది కార్యాలయపు క్రమము మాత్రమే. 2004లో పోయినవి ప్రాణములు.

దాని పిమ్మట హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రము 2007లో నెలకొనెను. సముద్రపుటడుగున ఒత్తిడి కొలుచు సాధనములు, తీరమున అలమట్టపు కొలతలు అచటికి చేరును. హెచ్చరిక అచటినుండి వెడలును. హోప్ టౌన్ బెస్తవాడలో వినబడు హెచ్చరికకు మూలము తెలుగునాట నుండుట ఇచటి తెలుగు కుటుంబములు తెలిసికొనదగిన సంగతి. హెచ్చరిక పోవు దారులు ఎన్ని ఉన్న అంత మేలు. కేబులు తెగినచో ఉపగ్రహము, ఉపగ్రహము మొరాయించినచో రేడియో ఉండవలెను. లోకమున సముద్రపు కేబులులు తెగుటకు సగమునకు పైగా కారణము లంగరులు, చేపలవలలే. తెగినచోటికి ప్రత్యేకపు ఓడ పోయి, కొక్కెముతో అడుగునుండి కొనలు పైకి తీసి, వెండ్రుకవంటి పోగులను ఒక్కొక్కటిగా అతుకవలెను. అందుకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. అన్ని దినములును దీవులవారు మరల ఇరుకుదారిని సర్దుకొనవలసినదే.

కొత్తగా మరియొక ఉపయోగము కనబడుచున్నది. గాజుపోగు ఏమాత్రము సాగినను, వణకినను, దానిలోని వెలుగులో ఆ మార్పు తెలియును. వంతెనలలోను, ఆనకట్టలలోను ఇట్టి పోగులను పొదిగి బలహీనతను ముందే కనిపెట్టుట ఇదివరకే కలదు. సముద్రము క్రింది వార్తాకేబులే భూకంపమును పసికట్టగలదని 2018లో యూరపు శాస్త్రజ్ఞులు ప్రయోగముతో చూపిరి. భూకంపములు తరచుగా వచ్చు ఈ అండమాను సముద్రమున వార్తను మోయు తీగయే వార్తను పుట్టించునదియు కాగలదు. ఆ పని ఇచట ఇంకను జరుగవలసియున్నది.